డిలీట్ కొట్టినా డిస్కు ఎందుకు తగ్గదు? డేటాబేస్ నిల్వ గురించి చేత్తో చేసి నేర్చుకునే పాఠం

మా మేనల్లుడు ఒడిశాలోని గుణుపురంలో ధాన్యం, విత్తనాల టోకు దుకాణంలో లెక్కలు చూస్తాడు. ఒకరోజు పొద్దున్నే పర్లాకిమిడికి, అంటే నాకు, ఫోన్ చేశాడు. "మావయ్యా, రాత్రల్లా కూకొని ఐదేళ్ల పాత బిల్లులన్నీ డిలీట్ కొట్టేసినాను. డిస్కు ఏటీ తగ్గనేదు!"

తగ్గదు. ఎందుకు తగ్గదో తెలియాలంటే టేబుల్, అంటే వరసలుగా లెక్కలు రాసుకునే పట్టిక, డిస్కు మీద ఏ రూపంలో పడి ఉంటుందో ఒకసారి కళ్లతో చూడాలి. వాడికి ఫోన్లో గంటన్నర చెప్పిన పాఠాన్నే ఇక్కడ మీకోసం రాస్తున్నాను. చదివి వదిలేస్తే రెండో రోజుకి గుర్తుండదు, పక్కన కంప్యూటర్ పెట్టుకుని చేయండి.

మీకు కావలసినవి ఒక పాత ల్యాప్‌టాప్, అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్ అన్నా అదే), దానికి కమాండ్లు కొట్టడానికి దానితోపాటు వచ్చే పీజీఅడ్మిన్. రెండూ ఉచితం. దుకాణం సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. కమాండ్లను ఫోన్లో చెప్పినట్టు పలుకుబడితోనే రాస్తున్నాను. మీరు ఇంగ్లీషులో టైప్ చేయండి, చివర సెమికోలన్ మరవకండి. టేబుల్ పేరు, కాలమ్ పేర్లు మాత్రం తెలుగులోనే కొట్టండి. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 డేటాబేస్‌లో పోస్ట్‌గ్రెస్ వాటిని మారుమాట లేకుండా తీసుకుంటుంది. పేరు 63 బైట్లు దాటకూడదు, అంతే. ఒక తెలుగు గుర్తుకి 3 బైట్లు కాబట్టి 21 గుర్తుల దాకా పేరు పెట్టుకోవచ్చు.

ముందు ఒక టేబుల్ కట్టండి

క్రియేట్ టేబుల్ బిల్లులు (నంబరు ఇంటీజర్, బస్తాలు ఇంటీజర్);

ఇన్‌సర్ట్ ఇంటూ బిల్లులు సెలెక్ట్ ఎన్, 10 ఫ్రమ్ జనరేట్_సిరీస్(1, 1000000) యాజ్ ఎన్;

పది లక్షల బిల్లులు కొన్ని సెకన్లలో పడిపోతాయి. ఇప్పుడు అవి ఎక్కడ పడ్డాయో అడగండి.

సెలెక్ట్ పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్('బిల్లులు');

జవాబుగా 'బేస్' అనే ఫోల్డర్ పేరు, గీత, ఒక సంఖ్య, గీత, ఇంకో సంఖ్య వస్తాయి. మొదటి సంఖ్య మీ డేటాబేస్‌ది, రెండోది మీ టేబుల్ ఫైలు పేరు. ఈ దారి ఏ ఫోల్డర్ నుంచి మొదలవుతుందో 'షో డేటా_డైరెక్టరీ' చెబుతుంది. విండోస్‌లో మామూలుగా ప్రోగ్రామ్ ఫైల్స్ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో, వెర్షన్ నంబరు లోపల, 'డేటా' అని ఉంటుంది. అక్కడికి వెళ్లి ఆ ఫైలు చూడండి. చూడండి అన్నాను, తెరవమనలేదు, కదపమని అసలే అనలేదు.

సైజు 3,62,49,600 బైట్లు ఉంటుంది. ఫోల్డర్‌లో సంఖ్య కాస్త తక్కువగా కనిపిస్తే కంగారు వద్దు, మెమరీలో ఉన్న మార్పుల్ని డిస్కుకి రాయించే చెక్‌పాయింట్ అనే కమాండ్ ఒకసారి కొట్టి మళ్లీ చూడండి. సెలెక్ట్ పీజీ_రిలేషన్_సైజ్('బిల్లులు') అని అడిగినా ఇదే సంఖ్య చెబుతుంది. పెద్ద టేబుల్ అయితే ఒకే ఫైలుగా ఉండదు. 1 జీబీ నిండగానే అదే పేరుకి చుక్క ఒకటి, చుక్క రెండు తగిలించి కొత్త ఫైళ్లు మొదలవుతాయి. పక్కనే 'ఎఫ్ఎస్ఎం', 'వీఎం' తోకలున్న చిన్న ఫైళ్లు కనిపించవచ్చు. ఏ పుటలో (పుట సంగతి కిందే వస్తుంది) ఎంత ఖాళీ ఉందో రాసుకునే జాబితా మొదటిది. ఏ పుటలో వరసలన్నీ అందరికీ కనిపించేవేనో గుర్తుపెట్టుకునేది రెండోది.

పుట అంటే 8 కేబీ

మా వైపు పాత దుకాణాల్లో ఎర్రగుడ్డ అట్ట వేసిన లెక్కల పుస్తకాలు ఇంకా కనిపిస్తాయి. డేటాబేస్ ఫైలు కూడా అలాంటి పుస్తకమే, అన్ని పుటలూ ఒకే కొలత. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కొలత 8192 బైట్లు. దాన్ని పేజీ అంటారు, బ్లాక్ అన్నా అదే. పైన వచ్చిన సైజుని 8192తో భాగించండి, సరిగ్గా 4425 వస్తుంది. మిగులు ఉండదు. ఒక్క బిల్లు చదవాలన్నా డేటాబేస్ ఆ బిల్లున్న పుట మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. అందుకు కేటాయించిన మెమరీ పేరు షేర్డ్ బఫర్స్. డీఫాల్టుగా 128 ఎంబీ ఉంటుంది.

పుటలో ఎన్ని బిల్లులు పడతాయో కాగితం మీద లెక్క వేయండి. ఈ ఒక్క లెక్క వస్తే మిగతా పాఠం సగం వచ్చేసినట్టే.

పుట తలకట్టుకి 24 బైట్లు పోతే మిగిలేది 8168. ప్రతి వరసకీ తన సొంత తలకట్టు 23 బైట్లు, సర్దుబాటుతో 24 అవుతుంది. మన రెండు ఇంటీజర్లకి, అంటే పూర్ణసంఖ్యలకి, 8 బైట్లు. అది పుటలో ఎక్కడుందో చూపే చిన్న గుర్తు ఇంకో 4. మొత్తం 36. 8168ని 36తో భాగిస్తే 226, చివర 32 బైట్లు వృథా. పది లక్షలని 226తో భాగిస్తే 4424 పుటలు నిండుగా, ఆపైన ఒకటి 176 వరసలతో. అదే 4425.

అంటే 8 బైట్ల సరుక్కి 28 బైట్ల గోనె, కట్టు, చీటీ! చిన్న చిన్న వరసలున్న టేబుళ్లు అనుకున్నదానికంటే ఎందుకు బరువెక్కుతాయో ఇక్కడే తెలుస్తుంది. త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికలు, అంటే ఇండెక్సుల ఖర్చు మళ్లీ వేరు. ఈ నంబరు కాలమ్ మీద ప్రైమరీ కీ (ఒకే నంబరు రెండుసార్లు రాకుండా చూసే ఇండెక్సు) పెడితే దానికే ఇంకో 21 ఎంబీ అవుతుంది. అన్నీ కలిపి ఎంతో తెలియాలంటే 'పీజీ_టోటల్_రిలేషన్_సైజ్' అడగాలి.

ఇప్పుడు లెక్క నిజమో కాదో డేటాబేస్‌నే అడుగుదాం.

సెలెక్ట్ సీటీఐడీ, నంబరు ఫ్రమ్ బిల్లులు వేర్ నంబరు ఇన్ (1, 226, 227);

మీరు కట్టని కాలమ్ ఈ సీటీఐడీ. ప్రతి వరస చిరునామా అందులో ఉంటుంది: ఏ పుట, పుటలో ఎన్నో గుర్తు. మొదటి బిల్లుకి (0,1), 226వ దానికి (0,226), 227వ దానికి (1,1). పుట తిరిగింది. పుటల లెక్క సున్నా నుంచి మొదలవుతుందని గమనించండి.

ఇప్పుడు మొదటి బిల్లులో బస్తాలు 10 కాదు 12 అని దిద్దండి. అప్‌డేట్ బిల్లులు సెట్ బస్తాలు = 12 వేర్ నంబరు = 1. మళ్లీ సీటీఐడీ అడగండి. (0,1) ఉండదు, (4424,177) వస్తుంది. పాత చోట దిద్దలేదు! పాత గీతను కొట్టేసి, చివరి పుటలో 176 వరసల తర్వాత కొత్తగా రాసింది. మొదటి పుటలో మిగిలిన 32 బైట్లలో 36 పట్టవు కదా.

మా పాత గుమస్తాలు కూడా ఇంతే. లెక్క తప్పితే గోకి దిద్దేవారు కాదు, అడ్డగీత కొట్టి కింద కొత్త పద్దు రాసేవారు.

డిలీట్ కూడా అడ్డగీతే

డిలీట్ ఫ్రమ్ బిల్లులు వేర్ నంబరు <= 500000;

ఐదు లక్షల బిల్లులు పోయాయి. సైజు అడగండి. 3,62,49,600. ఒక్క బైటు కూడా తగ్గలేదు. మేనల్లుడి గోల ఇదే.

డిలీట్ అన్నప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ వరస తలకట్టులో ఫలానా లావాదేవీ దీన్ని కొట్టేసింది అని నంబరు వేసి ఊరుకుంటుంది. వెంటనే చెరపదు, ఎందుకంటే అదే సమయంలో షావుకారు పక్క గదిలో నెల రిపోర్టు తీస్తూ ఉండవచ్చు. ఆయన మొదలుపెట్టినప్పుడు బతికున్న బిల్లులు ఆయన పని ముగిసేదాకా ఆయనకి కనిపించాలి. చచ్చిన వరసలు అందుకే పుటలోనే పడి ఉంటాయి.

వాటి చోటుని మళ్లీ వాడుకునేలా ఖాళీ చేసేది వాక్యూమ్.

వాక్యూమ్ వెర్బోస్ బిల్లులు;

అయ్యాక మళ్లీ సైజు చూడండి. ఇప్పటికీ తగ్గలేదు. నిరాశ వద్దు, ఇంకో నాలుగు లక్షల బిల్లులు వేయండి. ఇందాకటి ఇన్‌సర్టే, సిరీస్ మాత్రం 1000001 నుంచి 1400000 వరకు. సైజు చూడండి. పెరగలేదు! కొత్త బిల్లులు పాత పుటల్లోని ఖాళీల్లో సర్దుకున్నాయి. వాక్యూమ్ పుస్తకం మందాన్ని తగ్గించదు, అడ్డగీతలు కొట్టిన చోట్లను తెల్లగా చేసి ఇస్తుంది. పుస్తకం చివర వరసగా పుటలన్నీ ఖాళీ అయితే మాత్రం వాటిని చించి డిస్కుకి ఇచ్చేస్తుంది. మనం మొదటి సగం కొట్టేశాం కాబట్టి ఆ అవకాశం రాలేదు. పాత బిల్లులు మామూలుగా పుస్తకం మొదట్లోనే ఉంటాయి, కాబట్టి దుకాణాల్లో జరిగేదీ ఇదే.

మామూలు రోజుల్లో ఈ పని ఆటోవాక్యూమ్ దానంతట అదే చేసుకుపోతుంది. డీఫాల్టు లెక్క 50 వరసలు, వాటిపైన టేబుల్లో ఇరవై శాతం. పది లక్షల టేబుల్‌కి 2,00,050 చచ్చిన వరసలు దాటితే కదులుతుంది. సర్వర్ నెమ్మదించిందని దాన్ని ఆపేసేవాళ్లను చూశాను. ఆపకండి. ఇంకో తలనొప్పి ఏమిటంటే, ఎవరో పీజీఅడ్మిన్‌లో బిగిన్ కొట్టి లావాదేవీ తెరిచి, ఏదో దిద్ది, కమిట్ చేయకుండా, అంటే దాన్ని ముగించకుండా, భోజనానికి వెళ్లిపోతారు. ఆ లావాదేవీ తెరిచి ఉన్నంతసేపూ ఆ తర్వాత చచ్చిన వరసల్ని వాక్యూమ్ ముట్టుకోలేదు. 'పీజీ_స్టాట్_యాక్టివిటీ'లో 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని కనిపించేది వాళ్లే.

నిజంగా చోటు వెనక్కి కావాలంటే

వాక్యూమ్ ఫుల్ బిల్లులు;

ఇప్పుడు తగ్గుతుంది. తొమ్మిది లక్షల వరసలు 3983 పుటల్లోకి సర్దుకుని 3,26,28,736 బైట్లు అవుతాయి. ఫైల్‌పాత్ మళ్లీ అడిగితే చివరి సంఖ్య మారిపోయి ఉంటుంది. బతికున్న పద్దులన్నీ కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసి, పాతది పారేసిందన్నమాట.

దీనితో రెండు చిక్కులు. ఎత్తి రాస్తున్నంతసేపూ ఆ టేబుల్‌కి గట్టి తాళం. బిల్లు వేయడానికే కాదు, చదవడానికి కూడా వీలుండదు. సంత రోజు మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే షావుకారు మిమ్మల్ని ఊరు దాటిస్తాడు. రెండోది, కొత్త పుస్తకానికి డిస్కులో చోటుండాలి. డిస్కు నూరు శాతం నిండాక చోటు కోసం వాక్యూమ్ ఫుల్ కొట్టబోతే అది నడవదు.

పాత ఏళ్ల బిల్లులు తీసేయాల్సిన అవసరం ఏటా వస్తుందనుకుంటే మొదటే టేబుల్‌ని తేదీ వారీగా భాగాలు చేయండి. పార్టిషన్ బై రేంజ్ అని వెర్షన్ 10 నుంచి సూటిగా రాయవచ్చు. ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏప్రిల్ 1 వరకు ఒక భాగం. మరుసటి ఏప్రిల్ 1 ఆ భాగంలోకి రాదు, అక్కడ కొత్త భాగం మొదలు. ఏప్రిల్ 1 మాకు ఉత్కళ దివస్ కూడా. 1936లో ఆ రోజునే ఒడిశా విడి రాష్ట్రమైంది, పర్లాకిమిడి ఇటు వచ్చింది, జమీలో చాలా ఊళ్లు అటే మద్రాసులో ఉండిపోయాయి. భాగాలు చేయడానికి ఆ తేదీని మాకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. పాత సంవత్సరం అక్కర్లేదనుకున్న రోజు ఆ భాగాన్ని డ్రాప్ చేస్తే చాలు. ఆ చోటు కోసం వాక్యూమ్ చేయక్కర్లేదు, ఎత్తి రాయక్కర్లేదు.

ఊరి పేరు ఎన్ని బైట్లు?

సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవాళ్లకి ఇది ప్రత్యేకం. మా గిరాకీల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్ని ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగుకీ ఒడియాకీ ప్రతి గుర్తుకీ 3. ఒత్తు, గుడి, కొమ్ము అన్నీ విడి గుర్తులే.

సెలెక్ట్ లెంగ్త్('పర్లాకిమిడి'), ఆక్టెట్_లెంగ్త్('పర్లాకిమిడి');

11, 33 వస్తాయి. అదే పేరు ఇంగ్లీషులో రాసినా 11 అక్షరాలే, కానీ బైట్లు కూడా 11. 'వార్‌క్యార్ 20' అంటే ఇరవై గుర్తులు, ఇరవై బైట్లు కాదు. కాబట్టి తెలుగు పేరు సగంలో తెగుతుందనే భయం పోస్ట్‌గ్రెస్‌లో అక్కర్లేదు. డిస్కు అంచనా వేసేటప్పుడు మాత్రం మూడింతలు వేసుకోండి. ఇదే ఊరిని ప్రభుత్వ కాగితాల్లో ఒకలా, రైల్వే బోర్డు మీద ఒకలా, జనం ఇంకోలా రాస్తారు. ఆ బాధ బైట్లతో తీరేది కాదు.

బిల్లుల స్కానింగ్ ఫొటోలు కూడా టేబుల్లో పెడుతున్నారా? వరస సుమారు 2 కేబీ దాటితే పెద్ద విలువల్ని కుదిస్తుంది, అప్పటికీ పట్టకపోతే టోస్ట్ అనే పక్క టేబుల్‌లోకి ముక్కలుగా పంపేస్తుంది. పైకి టేబుల్ చిన్నగా కనిపించి డిస్కు నిండుతుంటే అక్కడ వెతకండి. నన్నడిగితే ఫొటోలు మామూలు ఫోల్డర్‌లో పెట్టుకుని, దారి మాత్రం టేబుల్లో రాసుకోవడం మేలు.

చిట్టా, ఆవర్జా

పాత లెక్కల్లో జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో పడేది. తీరిగ్గా దాన్ని ఎవరి పేరు కింద వాళ్లకి ఆవర్జాలోకి ఎక్కించేవారు. పోస్ట్‌గ్రెస్ చేసేదీ అదే. ఇంతసేపూ చూసిన టేబుల్ ఫైలు ఆవర్జా. చిట్టా పేరు వాల్, అంటే మార్పుని అసలు చోట రాసేముందే రాసిపెట్టుకునే పుస్తకం. అది డేటా ఫోల్డర్‌లో 'పీజీ_వాల్' కింద, ఒక్కొక్కటి 16 ఎంబీ ఉండే ఫైళ్లుగా ఉంటుంది. కమిట్ అయిందని డేటాబేస్ మాట ఇచ్చిందంటే అది చిట్టాలో పడి డిస్కుకి చేరినట్టు. పుటల్ని ఆవర్జాలోకి ఎక్కించడం పూర్తయిన గుర్తే చెక్‌పాయింట్. డీఫాల్టుగా అయిదు నిమిషాలకొకటి, లేదా చిట్టా బాగా పెరిగితే ఇంకా ముందే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయింది. అలాంటి రాత్రి బిల్లు కొడుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది? మళ్లీ ఆన్ చేసినప్పుడు పోస్ట్‌గ్రెస్ చివరి చెక్‌పాయింట్ దగ్గర నుంచి చిట్టా చదువుకుంటూ ఆవర్జాని సరిచేసుకుంటుంది. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, చిట్టా ఉంటే చాలు.

ఆ చిట్టానే నేను ఒకసారి చెరిపేశాను. వెర్షన్ 10కి ముందు ఆ ఫోల్డర్ పేరు 'పీజీ_ఎక్స్‌లాగ్'. డిస్కు నిండిపోయింది, ఫోల్డర్ పేరులో 'లాగ్' ఉంది, పాత లాగ్ ఫైళ్లు కాబోలనుకుని ఊడ్చేశాను. తర్వాత సర్వర్ లేవలేదు. సరైన చెక్‌పాయింట్ రికార్డు దొరకలేదని ఒకటే వరస చెప్పి పడుకుంది. ముందురోజు రాత్రి తీసిన డంప్, అంటే డేటాబేస్ నకలు, ఉండబట్టి బతికాం. ఆ ఒక్కరోజు బిల్లులు కార్బన్ కాపీలు చూసి ముగ్గురం కూర్చుని మళ్లీ కొట్టాం. నాలాంటివాళ్లు ఎక్కువయ్యారనే 2017లో ఆ పేరు మార్చారు.

'పీజీ_వాల్' ఉబ్బిపోతుంటే అందులో ఏదీ చెరపకండి, కారణం వెతకండి. చిట్టా ఫైళ్లను వేరే చోట దాచే ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతూ ఉండవచ్చు, 'పీజీ_స్టాట్_ఆర్కైవర్' చూడండి. లేదా ఇంకో సర్వర్‌కి నకలు పంపడానికి పెట్టి, ఎప్పుడో వదిలేసిన రెప్లికేషన్ స్లాట్ చిట్టాని పట్టుకుని కూర్చుని ఉండవచ్చు, 'పీజీ_రెప్లికేషన్_స్లాట్స్' చూడండి. కారణం తొలగిస్తే పాతవాటిని అదే తీసేసుకుంటుంది.

రెండో డిస్కు కొంటే టేబుల్‌స్పేస్ కట్టి కొన్ని టేబుళ్లను అటు తరలించవచ్చు. టేబుల్‌స్పేస్ అంటే ఫలానా ఫోల్డర్‌లో కూడా ఫైళ్లు పెట్టు అని చెప్పడమే. పెన్‌డ్రైవ్ మీద మాత్రం కట్టకండి. అది ఊడిపోతే ఆ టేబుళ్లే కాదు, సర్వర్ మొత్తం లేవకపోవచ్చు.

ఉద్యోగాల కోసం చదివేవాళ్లకి ఒక మాట. ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఇవే సంగతులు బ్లాక్, ఎక్స్‌టెంట్, సెగ్మెంట్, టేబుల్‌స్పేస్ అనే మెట్లుగా వస్తాయి: బ్లాకులు వరసగా కలిస్తే ఎక్స్‌టెంట్, ఒక టేబుల్ ఎక్స్‌టెంట్లన్నీ కలిస్తే సెగ్మెంట్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేజీ 8 కేబీ, ఎనిమిది పేజీలు ఒక ఎక్స్‌టెంట్. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో పేజీ డీఫాల్టుగా 16 కేబీ.

ఇంతకీ మేనల్లుడి డిస్కు ఏమైందంటారా? ఇదంతా చెప్పాక వాడి చేత ఫోల్డర్ల సైజులు ఒక్కొక్కటీ చదివించాను. డేటాబేస్ మొత్తం 6 జీబీ. దాని పక్కనే, అదే డిస్కులో, రోజూ రాత్రి పడే డంప్ ఫైళ్లు రెండేళ్లవి, ఒక్కటీ తీయకుండా, వంద జీబీ పైన. "అవి బ్యాకప్ కదా మావయ్యా, ఎలగ తీస్తాను?" అన్నాడు. బయటి డిస్కు ఒకటి కొనిపించి వాటిని అందులోకి మార్పించాను. అసలు డిస్కు పోతే దానితోపాటే పోయే బ్యాకప్ దేనికి పనికొస్తుంది? పాత బిల్లులు మాత్రం టేబుల్లోంచి పోయినవి పోయినట్టే. ఆ డంపుల్లోంచే తిరిగి తీసుకోవలసి వచ్చింది.

మీ ప్రయోగం అయిపోతే డ్రాప్ టేబుల్ బిల్లులు కొట్టి, ఆ ఫోల్డర్‌లోకి ఒకసారి తొంగి చూడండి. ఫైలు ఇంకా అక్కడే కనిపిస్తే డ్రాప్ కాలేదనుకోకండి. సైజు సున్నా ఉంటుంది. తర్వాతి చెక్‌పాయింట్ వచ్చినప్పుడు ఆ పేరు కూడా పోతుంది.